జిగురు మంచిదే, సీసాతోనే నా గొడవ

తోటి పంటి డాక్టర్లకు నమస్కారం. ముందే చెప్పేస్తాను: పళ్ళకు సిమెంటు పెట్టేటప్పుడు రాసే ఈ బాండింగ్ జిగురు సీసాను కంపెనీవాళ్ళే ఉచితంగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, ఇచ్చి ఉంటే నా నోరు ఇంకొంచెం మెత్తగా ఉండేదేమో. పెట్టెలోని కాగితం మీరు చదివే ఉంటారు, నేను మళ్ళీ చదవను.

మూడు నెలలుగా వాడుతున్నాను. ఒక్కటీ ఊడలేదు. కానీ మూడు నెలలు ఏ జిగురైనా నిలుస్తుంది. పంటి పైపొర ఎనామెల్ మీద సమస్య పెద్దగా లేదు, 1955లో బ్యునోకోర్ అనే అమెరికా దంతవైద్యుడు ఆసిడ్‌తో గరుకు చేసి చూపినప్పటి నుంచీ అది మన మాట వింటూనే ఉంది. ఏడిపించేది దాని కిందుండే లోపలి పొర డెంటిన్. అందులో నీళ్ళు, కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు. జిగురు దూరని చోట ఆ పోగులు నగ్నంగా మిగిలిపోతాయి. ఆసిడ్ తాకిడికి మేల్కొన్న పంటి ఎంజైములే వాటిని నెమ్మదిగా కొరికేస్తాయి. మరోవైపు నీళ్ళు జిగురును నానబెడతాయి.

ఆసిడ్, ప్రైమర్, జిగురు విడివిడిగా పెట్టే పాత మూడంచెల పద్ధతిలో నేను వేసిన ఒక సిమెంటు మూడేళ్ళకు తిరిగొచ్చింది. "కదులుతోంది డాక్టర్ గారూ" అన్నారు పెద్దాయన. చూస్తే అంచు చుట్టూ గోధుమ రంగు గీత. ఆ రోజు ఆసిడ్ కడిగాక గాలి ఎక్కువ కొట్టి పోగులను ముడుచుకుపోయేలా చేసింది నేనే అనుకుంటాను.

అందుకే ఇందులో ఎండీపీ అనే పంటిని పట్టుకునే రసాయనం ఉండటం నాకు నచ్చింది. అది పంటిలోని కాల్షియంతో కలిసి నీళ్ళకు అంత సులువుగా లొంగని లవణం అవుతుంది. డెంటిన్‌కు ఆసిడ్ పెట్టక్కర్లేదు. ఎనామెల్ అంచుకు మాత్రం నేను పెడుతున్నాను, మీరూ మానకండి.

ఇక రుద్దుడు. ఇరవై సెకన్లు రుద్దమంటే, నిజం చెప్పండి, ఎంతమంది ఎనిమిదికే ఆపేస్తున్నారు? చిన్నప్పుడు మా వీధి చివర పంక్చర్ వేసే తాత ఉండేవాడు. ట్యూబును ఉప్పుకాగితంతో గీకి, సొల్యూషన్ రాసి, నోటితో ఊదుతూ కూర్చునేవాడు. తొందరపెడితే "ఆరనీ బాబూ, పొలిమేర దాటకముందే ఊడిపోతుంది" అనేవాడు. ఇక్కడా అంతే. గాలి కొట్టినప్పుడు జిగురు పొర మొదట అలలా కదులుతుంది. కదలిక ఆగి, మెరుస్తూ నిలిచే దాకా కొట్టాలి. లోపల నీళ్ళు, ఆల్కహాలు మిగిలాయా, జిగురును గట్టిపరచడానికి ఎంత మంచి దీపం పెట్టినా లాభం లేదు.

ఇంత జాగ్రత్తగా ఆల్కహాలును పంటి మీద ఆరబెట్టమంటారు కదా, మరి సీసాలోనే ఆరిపోతే? చూడండి ఈ మూతి. చుక్క పడదు, వేలాడుతుంది. రెండో చుక్క మెడ మీదుగా జారి మూతకు అంటుకుంటుంది. మూత సరిగా బిగియదు. నెలాఖరుకు జిగురు తేనెలా చిక్కబడింది, బ్రష్‌కు తీగలు సాగింది. పారేశాను. కంపెనీవాళ్ళు పంపిన రెండో సీసా ఇది.

డబ్బు పెట్టి కొంటానా? ఒక్కసారికి సరిపడే చిన్న పొట్లాల్లో ఇస్తే రేపే కొంటాను. ఈ సీసాలో అయితే కొనను. మాట్లాడుతూ మూత పెట్టాను, ఇదిగో, ఇప్పుడు రావడం లేదు.