కరువులో ఉరుము: యాంగ్‌చిన్‌లో పాతా కొత్తా

అందరికీ నమస్కారం.

వెడల్పాటి చెక్కపెట్టె, దాని మీద బిగించి కట్టిన లోహపు తీగెలు, చేతుల్లో రెండు సన్నటి వెదురు పుల్లలు. చైనావాళ్ల యాంగ్‌చిన్ ఇదే. మన సంతూర్‌కి దాయాది. మింగ్ రాజుల చివరి కాలంలో ఓడల మీద దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ తీరానికి చేరిందంటారు. మొదట్లో దాని పేరులోని ‘యాంగ్’ అక్షరానికి ‘సముద్రం అవతలిది’ అని అర్థం. తర్వాత పలుకు అలాగే ఉంచి అక్షరం మార్చారు. ఇప్పుడు దానికి ‘పైకెత్తడం’ అని అర్థం. పరాయి వాద్యాన్ని ఇంటిది చేసుకున్న కథంతా నాకు ఆ ఒక్క అక్షరంలో కనిపిస్తుంది.

సుమారు వందేళ్ల కిందట గ్వాంగ్‌డాంగ్‌లో యెన్ లావోలియె అనే విద్వాంసుడు ఉండేవాడు. అప్పటికే వాడుకలో ఉన్న ఒక పాత వరసలోంచి చిన్న ముక్క తీసుకొని ‘హాన్ తియెన్ లెయ్’ తయారు చేశాడు. కరువులో ఉరుము అని దానర్థం. చేసిందేమిటంటే, స్వరాల మధ్య ఖాళీల్లో కొత్త స్వరాలు నింపాడు, ఒకే స్వరాన్ని పై స్థాయికీ కింది స్థాయికీ గెంతించాడు. మన కృతుల్లో ఒక్కో సంగతి వేసేకొద్దీ పల్లవి విచ్చుకుంటుందే, అలాగన్నమాట. ఈరోజు దాన్ని సంప్రదాయం అంటున్నాం కానీ, ఆ రోజుకి అది కొత్త పోకడే.

పాత యాంగ్‌చిన్ చిన్నది. తీగెలను ఎత్తిపట్టే బ్రిడ్జీలు రెండే. శ్రుతి మార్చాలంటే మళ్లీ బిగించుకోవాల్సిందే. 1950ల తర్వాత బ్రిడ్జీలు పెరిగాయి, స్టీలు తీగెలు వచ్చాయి. ఇప్పుడు కచేరీల్లో కనిపించే 402 రకంలో 12 స్వరస్థానాలూ ఉన్నాయి. దాంతో ఏ శ్రుతిలోకైనా వెళ్లొచ్చు, ఒకేసారి పలు స్వరాలు కలిపి పలికించే పాశ్చాత్య హార్మనీ కట్టొచ్చు.

చిక్కు కూడా ఇక్కడే మొదలైంది. కొన్ని కొత్త రచనలు వింటుంటే పియానో కోసం రాసినదాన్ని యాంగ్‌చిన్ మీద వాయిస్తున్నట్టే ఉంటుంది. స్వరాలన్నీ ఉంటాయి, వెదురు మాత్రం వినపడదు. నాకు బాధ కలిగేది అప్పుడే. ఈ వాద్యం ప్రాణం పెట్టెలో లేదు, పుల్లలో ఉంది. సన్నటి వెదురు వంగుతుంది. మణికట్టు వదులు చేస్తే పుల్ల తనంతట తానే తీగె మీద ఎగిరెగిరి పడి సన్నటి వణుకు పుట్టిస్తుంది. పుల్ల కొసన ఒక వైపు రబ్బరు ఉంటుంది. పుల్ల తిప్పి ఆ రబ్బరు లేని వైపుతో కొడితే ధ్వని కటువుగా, వెలుగుగా మోగుతుంది. కొట్టి వాయించే వాద్యంలో గమకం ఎలా అంటారా? బ్రిడ్జికి అవతల తీగెను వేలితో నొక్కుతారు.

పాతనీ కొత్తనీ కలపడం ఎలాగో యాంగ్‌చిన్ విద్వాంసుడు శియాంగ్ జుహ్వా చూపించారు. 1962 నాటి ‘లిన్ చోంగ్ యె బెన్’లో మంచు కురిసే రాత్రి పారిపోతున్న వీరుడి కథ ఉంది. కున్‌చు అనే పాత చైనా నాటక సంగీతపు నడక అందులో వినిపిస్తుంది, గాలివాన ఉద్ధృతికి కొత్త వాయింపు పద్ధతులూ ఉన్నాయి. ఏది పాతో ఏది కొత్తో విడదీయాలనే ఆలోచనే రాదు. మన సంతూర్ విద్వాంసుడు శివకుమార్ శర్మ కూడా కశ్మీరు సూఫియానా సంగీతంలో వాయించే సంతూర్‌కి శ్రుతి మార్చి, ఒళ్లో పెట్టుకొని రాగాలాపనకు తగ్గట్టు మలుచుకున్నారు. ఆ పని విన్నవాళ్లకు ఈ పని వెంటనే అర్థమవుతుంది.

ఇప్పుడు ‘హాన్ తియెన్ లెయ్’ వినిపిస్తాను. రాగం సంగతి తర్వాత చూద్దాం. ముందు పుల్లల మీద చెవి పెట్టండి.