ఉమ్మడి జాబితాలో మా బడి గది

సభాధ్యక్షులకు, వేదికనలంకరించిన పెద్దలకు, నాతోపాటు సుద్దముక్క పట్టిన మిత్రులకు, పిల్లల చేయి పట్టుకుని వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. వెనక నిలబడిన డైట్ (ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) విద్యార్థులు ముందుకు వచ్చి కూర్చోండి. ఈ మాటలు ముఖ్యంగా మీకోసమే.

నవంబరు 11 మౌలానా అబుల్ కలాం ఆజాద్ జయంతి. 2008 నుంచి ఈ రోజును జాతీయ విద్యా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆజాద్ సేవల గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. ఆయన పదకొండేళ్లు కేంద్ర విద్యామంత్రి. ఖరగ్‌పూర్‌లో మొదటి ఐఐటీ, ఆ తరువాత విశ్వవిద్యాలయాలను చూసే యూజీసీ ఆయన కాలంలోనే వచ్చాయి. అంత పెద్ద మంత్రి అధికారం కింద పల్లెటూరి బడి మాత్రం లేదు. అప్పటి రాజ్యాంగంలో విద్య రాష్ట్రాల జాబితాలో, పదకొండో అంశంగా ఉండేది. బడి కట్టడం, పంతులును వేయడం, పాఠం నిర్ణయించడం రాష్ట్రం పని. అది కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టాలు చేయగల ఉమ్మడి జాబితాకు మారింది 1976లో, అత్యవసర పరిస్థితి నడుస్తుండగా, 42వ సవరణతో. అడవులు, తూనికలు కొలతలు, వన్యప్రాణుల రక్షణ వంటి వాటితో కలిపి మన పిల్లల చదువును కూడా అటు జరిపారు. 1977 జనవరి 3 నుంచి చదువు ఢిల్లీదీ, రాష్ట్ర రాజధానిదీ కూడా.

ఉమ్మడి అనే మాట దగ్గర నేను కొంచెం ఆగాలి. తెలుగులో ఆ మాటకు రెండు ముఖాలున్నాయి. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని సామెత. అందరిదీ అయినదాన్ని ఎవరూ చూడరని దాని అర్థం. నేను పుట్టింది కూడా ఉమ్మడి కుటుంబంలోనే. మా నాన్న, ముగ్గురు బాబాయిలు వాటాల దగ్గర మాట పట్టింపులతో నెలల తరబడి పలకరించుకోని రోజులున్నాయి. పిల్లలకు అన్నం పెట్టే వేళకు మాత్రం నాయనమ్మ ఎవరినీ నోరెత్తనిచ్చేది కాదు. ముందు పిల్లల కంచాలు నిండాలి, తగవు ఆ తరువాత. నలభై ఏళ్ల ఉద్యోగంలో నేను వెతికింది ఆ రెండో ఉమ్మడిని. నాకు ఎక్కువగా కనిపించింది మొదటిది.

ఎలాగో చెబుతాను. 2011లో నేను ఒక ప్రాథమిక పాఠశాలకు ప్రధానోపాధ్యాయుణ్ణి. విద్యాహక్కు చట్టం అంతకు ముందు ఏడాది ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. ప్రతి టీచరుకూ ఒక తరగతి గది ఉండాలన్నది ఆ చట్టం షెడ్యూలులో ఉంది, మూడేళ్ల గడువూ పెట్టారు. మాకు ఐదు తరగతులు, రెండు గదులు. కేంద్రం, రాష్ట్రం కలిసి డబ్బు పెట్టే సర్వశిక్షా అభియాన్ పథకం కింద అదనపు గది మంజూరైంది. అప్పట్లో ప్రతి రూపాయిలో కేంద్రానిది 65 పైసలు, రాష్ట్రానిది 35. మొదటి విడత సొమ్ము బడి కమిటీ ఖాతాలో పడింది. పునాది తీశాం, స్తంభాలు లేపాం, గోడలు కిటికీ ఎత్తుకు వచ్చాయి. డబ్బు అక్కడితో అయిపోయింది.

మండల వనరుల కేంద్రానికి వెళితే జిల్లాను అడగమన్నారు. జిల్లాలో కేంద్రం రెండో విడత రాలేదన్నారు. ఎందుకు రాలేదంటే రాష్ట్రం తన వాటా వేయలేదన్నారు. వాటా ఎందుకు వేయలేదంటే మొదటి విడతకు యూసీలు, అంటే సొమ్ము ఖర్చయిందని ఇచ్చే వినియోగ పత్రాలు, అందరి దగ్గరి నుంచీ చేరలేదన్నారు. నా యూసీ నేను ఎప్పుడో ఇచ్చాను, రసీదు నా దగ్గరే ఉంది. ఎవరో ఇవ్వలేదు కాబట్టి నా పిల్లలకు కప్పు లేదు. నేను ఎవరినీ దొంగ అనడం లేదు. ఆ కుర్చీల్లో ఉన్నవాళ్లలో చాలామంది మంచివాళ్లే, నా మాట విని బాధపడినవాళ్లే. అందరూ బాధపడ్డారు, ఏ ఒక్కరిదీ బాధ్యత కాలేదు.

రెండు వానాకాలాలు గడిచాయి. స్తంభాల పైనుంచి పొడుచుకు వచ్చిన ఇనుప చువ్వలు ఎర్రగా తుప్పు పట్టాయి. గోడలోంచి పక్కకు వంగిన చువ్వలు పిల్లల భుజాల ఎత్తున ఉండేవి. వాటికి సంచులు తగిలించి వేపచెట్టు కింద పాఠానికి కూర్చునేవాళ్లు. మూడో తరగతి పిల్లవాడు ఒకడు ఒకరోజు సంచి తీసుకోబోయి కాలు జారి పడ్డాడు. చువ్వ కొస కనుబొమ్మ పైన చీల్చింది. నా తువ్వాలు అదిమిపెట్టి బండి మీద తీసుకెళ్లాను. మూడు కుట్లు పడ్డాయి. దారి పొడుగునా వాడు అడిగింది ఒక్కటే, 'మా అమ్మ కొడుతుందా సార్?' అని. మరునాడు కొబ్బరి చిప్పలు తెచ్చి ప్రతి చువ్వ కొసకూ కట్టించాను.

ఆ గది పూర్తయ్యేసరికి వాడు ఐదో తరగతి దాటి హైస్కూలుకు వెళ్లిపోయాడు. ఆ గదిలో వాడు ఒక్కరోజు కూడా కూర్చోలేదు.

అధ్యక్షులు గడియారం చూస్తున్నారు, తెలుసు. ఇంకాసేపు ఓపిక పట్టండి.

విద్యాహక్కు చట్టం ఏడో సెక్షన్ చదవండి. నిధులు సమకూర్చడం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఉమ్మడి బాధ్యత అని మొదటి మాటే ఉంది. కేంద్రం ఎంత శాతం ఇవ్వాలో మాత్రం చట్టంలో లేదు, ఎప్పటికప్పుడు నిర్ణయిస్తారు. అందుకే 65 ఉన్నది 2015లో 60 అయింది. కేంద్రం ఇచ్చింది పోగా మిగిలినదానికి రాష్ట్రమే బాధ్యత వహించాలని అదే సెక్షన్ కిందికి వెళితే కనిపిస్తుంది. ఇటు 2004లో విద్య పేరు మీద 2 శాతం సెస్సు, అంటే పన్ను మీద అదనపు పన్ను, మొదలుపెట్టారు. ఇప్పుడు ఆరోగ్యంతో కలిపి 4 శాతం. సెస్సు రాష్ట్రాలకు పంచే పన్నుల్లోకి రాదు. కేంద్రం చేతిలోనే ఉంటుంది. బడి నడిపే రాష్ట్రానికి అది వాటాగా కాకుండా పథకంగా, షరతులతో వస్తుంది. ఆ షరతు ఎంత దూరం పోతుందో తమిళనాడులో చూశాం. జాతీయ విద్యా విధానాన్ని అమలు చేస్తామని ఒప్పుకోవాల్సిన పీఎంశ్రీ బడుల పథకం ఒప్పందంపై సంతకం చేయలేదని 2024-25లో, సర్వశిక్షా అభియాన్ స్థానంలో వచ్చిన సమగ్ర శిక్ష నిధులు ఆపారు. 2025లో ఆ రాష్ట్రం సుప్రీంకోర్టు మెట్లెక్కింది. ఆ విధానం మీద ఎవరి వాదన సరైనదో మీరు వాదించుకోండి. పిల్లల సొమ్ము తాకట్టు పెట్టి ఆ వాదన జరగకూడదు.

రాష్ట్రాలను వదిలేస్తున్నానని అనుకోకండి. వాటా ఆలస్యం చేసింది మన రాజధానే. జీతాలు, పుస్తకాలు, భవనాల్లో పెద్ద భారం తామే మోస్తున్నామని రాష్ట్రాలు అంటాయి, అది నిజం. ఆ నిజాన్ని చూపించి 40 పైసలు ఆపడం న్యాయం కాదు. మధ్యాహ్న భోజనం వండే తల్లిని అడగండి. 2009లో నెలకు వెయ్యి రూపాయల గౌరవ వేతనం పెట్టారు. ఇప్పుడు కేంద్రం తన వాటాగా ఆ వెయ్యిలో 600 మాత్రమే లెక్కగడుతుంది. పైన పెంచేది రాష్ట్రం. ఏ వాటా ఆగినా ఆమె కిరాణా కొట్టులో అరువు పెట్టాల్సిందే. మా బడిలో వండే ఆమె బిల్లులు రాక చెవి కమ్మలు కుదువపెట్టి పప్పు తెచ్చింది. పిల్లలకు తెలియనివ్వలేదు.

మనం చదువు హక్కు తెచ్చుకున్న తీరు గుర్తు చేసుకోండి. 1993లో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ల వరకు చదువు ప్రాథమిక హక్కు అని చెప్పింది ఉన్నికృష్ణన్ కేసులో. అవతలి పక్షం మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. 2002లో 86వ సవరణ ఆ హక్కును రాజ్యాంగంలోనే రాస్తూ 21ఎ అధికరణాన్ని తెచ్చింది. తీర్పు నుంచి చట్టం అమలు దాకా పదిహేడేళ్లు పట్టింది. హక్కు పిల్లవాడిదని అన్నాక, డబ్బు ఎవరు ఇచ్చారన్నది పెద్దవాళ్లు పెద్దవాళ్లు తేల్చుకోవాల్సిన లెక్క. ఒకరి వాటా ఆగితే రెండోవారు ముందు చెల్లించి తరువాత వసూలు చేసుకునే ఏర్పాటు ఉండాలి. ప్రతి విడతకూ తేదీ ఉండాలి. తేదీ దాటితే వడ్డీ బడి ఖాతాలో పడాలి. నేను కోరేది ఇదే.

తల్లిదండ్రులారా, అదే చట్టం 21వ సెక్షన్ మీకొక పని అప్పగించింది. బడికి వచ్చిన గ్రాంటు ఎలా ఖర్చవుతోందో చూసే అధికారం పాఠశాల యాజమాన్య కమిటీది. ఈసారి సమావేశానికి సంతకం పెట్టి వెళ్లిపోకండి. వరండాలో నల్లబల్ల మీద రెండు గడులు గీయించండి. ఒకదానిలో కేంద్రం, ఒకదానిలో రాష్ట్రం. ఎంత మంజూరైంది, ఏ తేదీన పడింది రాయించండి. గడి ఖాళీగా ఉంటే ఖాళీగానే ఉంచండి, తుడవనివ్వకండి. సుద్దముక్క లేకపోతే నా దగ్గర ఒక డబ్బా ఉంది, వెళ్లేటప్పుడు అడిగి తీసుకోండి.