విశాఖ రేవు కాలువకు ఇసుకతో పేచీ

నమస్కారం. తూర్పు తీరంలో ఇసుక నిలకడగా ఉండదు. నైరుతి ఋతుపవనాల కాలంలో అలలు ఒడ్డును ఏటవాలుగా తాకుతూ ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నెట్టుకుపోతాయి. ఈశాన్య ఋతుపవనాల నెలల్లో కొంత వెనక్కి మళ్ళినా, ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. ఈ దారికి అడ్డంగా ఓడల కోసం లోతైన కాలువ తవ్వితే, ఆ ఇసుక వచ్చి అందులోనే పడుతుంది.

1933లో ప్రారంభమైన విశాఖపట్నం రేవుకు తొలినాళ్ళ నుంచీ ఉన్న చిక్కు ఇదే. దానికి నాటి ఇంజినీర్లు కనిపెట్టిన ఉపాయం నాకు ఎంతో ముచ్చటగా తోస్తుంది. డాల్ఫిన్ నోస్ కొండ దగ్గర, కాలువ ముఖానికి దక్షిణంగా, రెండు పాత ఓడలను సముద్రంలో ముంచి వాటినే అడ్డుకట్టగా నిలిపారు. అడ్డుకట్ట వెనుక నీరు నెమ్మదిస్తుంది; నెమ్మదించిన నీరు ఇసుకను మోయలేక అక్కడే దించేస్తుంది. అంటే ఇసుక కాలువ దాకా రాకముందే, మనం కోరిన గొయ్యిలో చేరుతుంది. పూడిక తీసే డ్రెడ్జరుకూ ఇది మేలే: ఎగసిపడే అలల మధ్య పీల్చుగొట్టాన్ని అడుగున ఆనించి ఉంచడం కష్టం, అడ్డుకట్ట చాటున ఆ పని తేలిక.

అయితే, ఆపిన ఇసుకను నడిసముద్రంలో పారబోస్తే ఉత్తరాన ఉన్న తీరం కోతకు గురవుతుంది. చెన్నై దీనికి సాక్ష్యం: రేవు గోడలకు దక్షిణాన మెరీనా ఇసుకతో విస్తరించగా, ఉత్తరాన రాయపురం వైపు ఒడ్డు కోసుకుపోయింది. అందుకే విశాఖలో గొయ్యి నుంచి తీసిన ఇసుకను గొట్టాల ద్వారా ఆర్కే బీచ్ వైపు పంపుతారు. పంపింగు సరిపోని ఏడు ఆ బీచ్ సన్నబడటం నగరవాసులు కళ్ళారా చూస్తూనే ఉంటారు.

ఇదే పనిని ఆస్ట్రేలియాలోని గోల్డ్‌కోస్ట్‌లో 1986 నుంచి డ్రెడ్జరు లేకుండానే చేస్తున్నారు. అలలు విరిగే చోటుకు అడ్డంగా ఒక వంతెన కట్టి, దాని కింద ఇసుకలో జెట్ పంపులను దించారు. ఒత్తిడితో వదిలిన నీటి ధార చుట్టుపక్కల ఇసుకను కలిపి లాక్కుంటుంది. అక్కడ ఏర్పడిన గుంటలోకి పక్కనున్న ఇసుక తానే జారుతుంది. ఆ మిశ్రమం కాలువ అడుగు గుండా వేసిన గొట్టంలో అవతలి ఒడ్డుకు చేరుతుంది. ఇసుకలో కూరుకున్న పంపులో తిరిగే భాగాలేవీ లేకపోవడం వల్ల అది త్వరగా అరగదు. కట్టడానికి ఖర్చెక్కువ, కానీ డ్రెడ్జరు వచ్చేదాకా ఆగనక్కరలేదు: ఇసుక వచ్చిన రాత్రే దానిని దాటించవచ్చు.