‘వచ్చి తీసుకొచ్చేస్తా’ అని చెప్పి పంపాలా? సమ్మర్ క్యాంపుల ఎపిసోడ్

వసంత: అందరికీ నమస్కారం. ఈ వారం అనుకున్నది సమ్మర్ క్యాంపులు. వాటివల్ల పిల్లలకి ఒరిగేదేంటి, వాటి మీద ఎవరి కన్ను ఉంటోంది, ఈ రెండూ మాట్లాడదాం. రఘూ, ముందే చెప్తున్నా, నువ్వు మొదటి సీజన్ నుంచీ చెప్పే ఆ ఈత దగ్గరి విజిల్ మాట పావుగంట దాకా ఎత్తొద్దు.

రఘు: ఎత్తనక్కా.

వసంత: (నవ్వు) సరే, కానియ్.

రఘు: చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తా. 1861లో అమెరికాలోని కనెటికట్‌లో ఫ్రెడరిక్ గన్ అనే హెడ్‌మాస్టర్ తన బడి పిల్లల్ని సముద్రపు ఒడ్డుకి నడిపించుకెళ్ళి గుడారాల్లో ఉంచాడు. 1876లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్‌లో బియాన్ అనే పాస్టరు పేదింటి పిల్లలకి కొండగాలి తగలాలని ఆపెన్‌జెల్ కొండల్లోకి తీసుకెళ్ళాడు. 1907లో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో బేడెన్ పావెల్ క్యాంపు పెట్టాడు, స్కౌట్లు అక్కణ్ణుంచే వచ్చారు. అందులో నాకు బాగా నచ్చేది ఒకటుంది. డబ్బున్నవాళ్ళ బడుల పిల్లల్నీ, కూలిపని చేసుకునేవాళ్ళ పిల్లల్నీ ఒకే జట్టులో కలిపేశాడు.

వసంత: అసలు లాభం అదే అంటాను. బళ్ళో ఎవడేంటో అందరికీ తెలిసిపోయి ఉంటుంది. వీడు మొద్దు, వాడు అల్లరి, అది ఏడుపుగొట్టుది. ఆ ముద్ర పడ్డాక పోదు. క్యాంపులో ఎవరికీ ఎవరూ తెలీదు కాబట్టి లెక్కల్లో వెనకబడ్డవాడే అక్కడ తాడు ముళ్ళు వెయ్యడంలో మొనగాడవుతాడు.

రఘు: అమ్మానాన్నా పక్కన లేకపోవడం కూడా. ఎవరి పక్కన పడుకోవాలి, తడిసిన బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలి, పొద్దున పోట్లాడుకున్నవాడితో సాయంత్రం ఎలా ఆడుకోవాలి, అన్నీ వాళ్ళే చూసుకోవాలి.

వసంత: నాకు టెన్షన్ కూడా అక్కడే. అందుకే మా అమ్మాయిని మొదటిసారి పంపినప్పుడు ఒకటే చెప్పా. ఏ అర్ధరాత్రయినా సరే, ఉండలేననిపిస్తే ఫోన్ చెయ్యి, వచ్చి తీసుకొచ్చేస్తా అన్నా.

రఘు: అయ్యో అక్కా! సరిగ్గా ఆ మాటే అనకూడదంటారు.

వసంత: ఎవరంటారు?

రఘు: అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం ఉంది కదా, వాళ్ళు 2007లో ఇంటి బెంగ మీద ఒక నివేదిక ఇచ్చారు. రాసినవాళ్ళలో క్రిస్టఫర్ థర్బర్ అనే సైకాలజిస్టు ఉన్నాడు. క్యాంపులకొచ్చిన పిల్లల బెంగ మీద ఏళ్ళ తరబడి పనిచేసినవాడు. దాదాపు అందరు పిల్లలకీ ఎంతో కొంత బెంగ ఉంటుందనీ, ఎక్కువమందికి అది తట్టుకోగలిగినంతే ఉంటుందనీ వాళ్ళు తేల్చారు. ‘నచ్చకపోతే వచ్చి తీసుకొచ్చేస్తాం’ అన్న ఒప్పందం మాత్రం ముందే పెట్టుకోవద్దన్నారు. పిల్లకి ఆ మాట ఎలా వినిపిస్తుందో చూడు. నువ్వు ఉండగలవని మాకే నమ్మకం లేదు అన్నట్టు వినిపిస్తుంది. ఇక కాస్త బెంగ రాగానే ఓర్చుకునే దారి వెతకదు, ఫోన్ వెతుకుతుంది.

వసంత: నేను బెంగ గురించి అనలేదు.

రఘు: ‘ఉండలేననిపిస్తే’ అన్నావు. తొమ్మిదేళ్ళ పిల్లకి బెంగా ఉండలేకపోవడమే, భయమూ ఉండలేకపోవడమే.

వసంత: మరి ఆ తేడా చెప్పడం రాని పిల్లకి ఫోనే లేకుండా చేస్తే? బెంగ పెట్టుకుంటారేమో అని తలుపు మూసేస్తే, నిజంగా ఏదైనా జరిగిననాడు కూడా ఆ తలుపు మూసే ఉంటుంది. నేను మాటలు కల్పించి చెప్పట్లేదు. మా అమ్మాయి ఫోన్ చేసింది.

రఘు: ఇది నాకెప్పుడూ చెప్పలేదు.

వసంత: ఇక్కడ చెప్పలేదు. ఆ ఫోన్ ఆఫీసు గదిలో ఉంది. పక్కనే ఒకావిడ నిలబడి ఉంది, ఆవిడ గాజుల చప్పుడు నాకు వినిపిస్తోంది. ‘బాగానే ఉన్నానమ్మా, అందరూ మంచివాళ్ళేనమ్మా’ అని పద్యం అప్పజెప్పినట్టు చెప్పింది మా అమ్మాయి. అది ఇంట్లో అలా మాట్లాడదు. ఏమైందని అడిగితే ‘ఏం లేదమ్మా, ఉంటా’ అని పెట్టేసింది. ఇంటికొచ్చాక బయటపడింది. రాత్రి పక్క తడిపిన ఒక చిన్నపిల్ల చేత, పొద్దున లైనులో అందరి ముందూ ఆ దుప్పటి పట్టించి నిలబెట్టారట. మా అమ్మాయికేం కాలేదు. చూసింది, అంతే. ఆ రాత్రి నుంచీ తనకీ అలా అవుతుందేమోనని సాయంత్రమైతే మంచినీళ్ళు తాగడం మానేసింది.

రఘు: ...

వసంత: ఇప్పుడు చెప్పు. ఇది బెంగా?

రఘు: కాదక్కా. ఆ పనికి క్షమాపణ లేదు. కానీ చూడు, అక్కడ నువ్వు ఇచ్చిన మాట పనిచెయ్యలేదు. పిల్ల ఫోన్ దాకా వెళ్ళింది, నోరు తెరవలేకపోయింది. ఆవిడ పక్కన ఉంది కాబట్టి.

వసంత: మాట ఇచ్చాను కాబట్టే ఫోన్ దాకా అయినా వెళ్ళింది.

రఘు: అది ఒప్పుకుంటా. అయినా నేను చెప్పేది వేరే. తీసుకొచ్చేస్తాననే ఒప్పందం బదులు, పిల్ల ఒంటరిగా మాట్లాడుకునే ఫోన్ ఉందా అని క్యాంపుని అడగాలి. పిల్లకేమో ముందు నుంచీ అలవాటు చెయ్యాలి. ఆ నివేదికలోనూ ఉంది, పంపే ముందు ఒకట్రెండు రాత్రులు ఎవరైనా బంధువుల ఇంట్లో అమ్మానాన్నా లేకుండా ఉంచి చూడమంటారు. పంపాలా వద్దా అన్నప్పుడు పిల్లని కూడా కూర్చోబెట్టి అడగమంటారు. క్యాలెండర్ మీద రోజులు చూపించమంటారు. బెంగ వచ్చినప్పుడు ఏం చెయ్యాలో తెలిసి వెళ్తుంది.

వసంత: అన్నీ చేశాను. ఆ ఒక్క మాట కూడా చెప్పాను. రెండోసారి పంపినప్పుడూ చెప్పాను.

రఘు: రెండోసారి పంపావా! అదే క్యాంపుకా?

వసంత: అదే క్యాంపుకి ఎందుకు పంపుతాను? వేరేదానికి. అది అడిగింది, పంపా. అక్కడ ఒకమ్మాయి పరిచయమైంది, ఇప్పటికీ ఉత్తరాలు రాసుకుంటారు. చేతిరాత ఉత్తరాలు! అందుకే క్యాంపులు వద్దనను నేను. మంచి క్యాంపు ఏం చెయ్యగలదో కూడా నా ఇంట్లోనే చూశా.

రఘు: పావుగంట దాటింది.

వసంత: వచ్చేసింది విజిల్. సరే, ఊదు.

రఘు: చెరువులోనో ఈతకొలనులోనో పిల్లలు దిగేటప్పుడు జతలు కడతారు. ఇద్దరిద్దరికీ సుమారుగా ఒకే స్థాయి ఈత వచ్చి ఉండాలి. కొన్ని నిమిషాలకోసారి గట్టున ఉన్న మనిషి విజిల్ ఊదుతాడు. అప్పుడు ప్రతి పిల్లా తన జత చెయ్యి పట్టుకుని పైకెత్తాలి. గట్టు మీద బోర్డుకి వేలాడే బిళ్ళలతో ఆ జతల్ని లెక్క చూసుకుంటారు. లెక్క కుదరకపోతే అందరూ నీళ్ళలోంచి బయటికి. ఇంత చిన్న పని, దీనికి పెద్ద చదువులక్కర్లేదు. క్యాంపు చూడ్డానికి వెళ్తే గోడ మీద సర్టిఫికెట్లు కాదు, ఆ బోర్డు ఎక్కడుందో అడగండి అని నేను మొదటి సీజన్ నుంచీ మొత్తుకుంటున్నా.

వసంత: నిజమే, అందులో నీతో గొడవ లేదు. అయితే నువ్వు నీళ్ళ దగ్గరే ఆగిపోతావు. విజిల్ ఊదే మనిషి మీద విజిల్ ఎవరు ఊదుతారు? నాకు అది కావాలి.

రఘు: దానికి లైమ్ బే ప్రమాదం గురించి చెప్పాలి. 1993 మార్చిలో ఇంగ్లండ్‌లో బడి పిల్లల్ని కయాక్‌లనే సన్నటి చిన్న పడవల మీద సముద్రంలోకి తీసుకెళ్ళింది ఒక సాహస క్రీడల కేంద్రం. నలుగురు టీనేజ్ పిల్లలు చనిపోయారు. తీసుకెళ్ళినవాళ్ళకి సముద్రం మీద తగిన అనుభవం లేదు. పిల్లలు అనుకున్న వేళకి తిరిగి రాకపోయినా కోస్ట్‌గార్డ్‌కి కబురు గంటల తర్వాత గానీ వెళ్ళలేదు. అంతకుముందు ఏడాదే అక్కడ పనిచేసి మానేసిన ఇద్దరు, ఇక్కడ జాగ్రత్తలు సరిపోవు అని యజమానికి ఉత్తరం రాశారు.

వసంత: యజమానికే రాశారు. ఆ ఉత్తరం యజమాని దాకానే.

రఘు: అవును. కంపెనీ మీద నేరం రుజువైంది, డైరెక్టర్ జైలుకెళ్ళాడు. 1995లో పార్లమెంటు చట్టం చేసింది, అలాంటి కేంద్రాలకి లైసెన్సు తప్పనిసరి చేసింది. చనిపోయిన పిల్లల తల్లిదండ్రులు పోరాడితే వచ్చిన చట్టం అది.

వసంత: ఎప్పుడూ తర్వాతే. ముందు ఎందుకు రాదు రఘూ? రష్యాలో 2016లో కరేలియాలో స్యామొజెరో సరస్సు మీద తుఫానులో క్యాంపు పిల్లలు 14 మంది పోయారు. ఆ క్యాంపు పిల్లల్లో ఒకరు ఎమర్జెన్సీకి ఫోన్ చేశారు. ఆకతాయి కాల్ అనుకుని అవతలివాళ్ళు పట్టించుకోలేదు. నేను ఫోన్ ఫోన్ అంటుంటే నువ్వు ఒప్పందం అంటున్నావు. ఫోన్ ఉన్నా పిల్ల మాట నమ్మే మనిషి అవతల లేకపోతే ఏం లాభం?

రఘు: (కాసేపాగి) టెక్సస్ కూడా చెప్పనా, వద్దా?

వసంత: చెప్పు. చెప్పకుండా ఈ ఎపిసోడ్ లేదు.

రఘు: 2025 జూలై 4 తెల్లవారుజామున గ్వాడలూప్ నదికి వరదొచ్చింది. ఒడ్డునున్న క్యాంప్ మిస్టిక్‌లో పిల్లలూ, వాళ్ళని చూసుకునే అమ్మాయిలూ కలిపి 27 మంది చనిపోయారు. జూలై 2న, అంటే రెండు రోజుల ముందే, రాష్ట్ర ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి వెళ్ళాడు. అత్యవసర ప్లాన్ రాసి పెట్టి ఉంది అని నమోదు చేశాడు.

వసంత: రాసి పెట్టి ఉందా అని చూశాడు. పిల్లల్ని నిద్ర లేపి, చీకట్లో గుట్ట ఎక్కించి, ఎంతసేపు పట్టిందో చూడలేదు.

రఘు: ఫారంలో ఆ గడి లేదు కదక్కా.

వసంత: గడి పెట్టాలి! నాకు కోపం వచ్చేది అక్కడే. ప్రమాదం జరిగిన ఏడాదే టెక్సస్ చట్టం మార్చింది, వరద నీళ్ళొచ్చే చోట పిల్లలు పడుకునే గదులు ఉండకూడదంది. మంచిదే. ఆ నది అక్కడికి కొత్తగా రాలేదుగా?

రఘు: అమెరికాలో దేశమంతటికీ ఒకే క్యాంపు చట్టం కూడా లేదు, ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే. క్యాంపుల సంఘం గుర్తింపు ఇస్తుంది గానీ అది తీసుకోవాలా వద్దా అన్నది క్యాంపు ఇష్టం. వాళ్ళ లెక్కలు మాత్రం బాగుంటాయి. రాత్రి ఉండే క్యాంపులో ఆరు నుంచి ఎనిమిదేళ్ళ వాళ్ళయితే ఆరుగురికి ఒకరు, తొమ్మిది నుంచి పద్నాలుగైతే ఎనిమిది మందికి ఒకరు చూసుకునేవాళ్ళు ఉండాలి.

వసంత: ఆ ఒకరు ఎవరు? కాగితం మీద వంటమనిషినీ డ్రైవరునీ కూడా కలిపేసి లెక్క చూపిస్తారు. రాత్రి రెండింటికి ఆ గదిలో మెలకువగా ఎవరున్నారు? నేను ఈసారి అడిగే ప్రశ్న అదే. వాళ్ళ పేరు చెప్పమంటా, వీలైతే చూపించమంటా. ఒక పెద్ద, ఒక పిల్ల తలుపేసుకుని ఒంటరిగా ఉండకూడదన్న నియమం ఉందా అనీ అడుగుతా.

రఘు: స్కౌట్లలో ఉంది ఆ నియమం. ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి.

వసంత: పక్క తడిపితే ఏం చేస్తారు అని కూడా అడుగుతా. ‘అలాంటివేం జరగవండీ’ అంటే లేచి వచ్చేస్తా. జరుగుతాయి, పిల్లలు కదా. దుప్పటి మార్చి, ఎవరికీ తెలియకుండా ఉతికిస్తాం అనేవాళ్ళ దగ్గర వదుల్తా.

రఘు: అది మంచి ప్రశ్న. బోర్డు కంటే మంచిదే.

వసంత: ఇన్నాళ్ళకి!

రఘు: బోర్డు తర్వాత అడగొచ్చు అంటున్నా. అయితే ఒప్పందం విషయంలో నేను దిగి రాలేదు. మా తమ్ముడి కొడుకు వచ్చే నెల వెళ్తున్నాడు, నేను మాత్రం ఆ మాట చెప్పి పంపనివ్వను.

వసంత: వాడికి ఎన్నేళ్ళు?

రఘు: పదకొండు.

వసంత: వాణ్ణి అడిగావా, ఆ మాట కావాలో వద్దో?

రఘు: లేదు. వాడేమంటాడంటే...

వసంత: నువ్వు చెప్పకు. వాణ్ణే అడుగు. అడిగి, వాడు ఒప్పుకుంటే ఇక్కడికి తీసుకురా.

రఘు: మైకు ముందు వాడు ఊరుకోడు, విజిల్ తెస్తాడు.

వసంత: తేనీ. సరే, టైమ్ అయిపోయింది, వచ్చిన మెయిళ్ళు ఒక్కటీ చదవలేదు, ఆ రెండు వాయిస్ నోట్లు కూడా...

రఘు: ఒకటి పెట్టేద్దామక్కా, చిన్నదే.

వసంత: ఏది, ఎన్‌సీసీ క్యాంపులో ఉన్నావిడదా? అది చిన్నది కాదు. వచ్చే వారం.