గడియారం వంతు, మడి వంతు

శ్రోతలకు నమస్కారం. అందరికీ సమానంగా పంచితే న్యాయం జరిగినట్టే అంటాం. సమానంగా అంటే, దేన్ని? 1979లో అమర్త్యసేన్ ఒక ప్రసంగంలో పట్టుకున్న ప్రశ్న ఇదే: సమానత్వం సరే, దేనిలో? దీనికి జవాబు వెతకాలంటే పిల్లకాలువ గట్టుకు మించిన చోటు లేదు.

సుంకేసుల నుంచి వచ్చే కె.సి. (కర్నూలు-కడప) కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు ఇది తెలిసిన సంగతే. ఒక తూము కింద 41 ఎకరాలు ఉన్నాయనుకోండి. వారబందీ పెట్టారు, అంటే వారం పొడవునా ఒకరి తర్వాత ఒకరికి గంటల లెక్కన నీటి వంతు. వారానికి 168 గంటలు. ఎకరాల లెక్కన పంచేశారు. గడియారానికి సమానమే. మడికి కాదు. తూము పక్క రైతు మడవ తీయగానే నీళ్లు దూకుతాయి. చివరి రైతు వంతు వచ్చేసరికి ఆయన ముందు కాలువ ఎండి ఉంటుంది. అది తడిసి, నిండి, నీళ్లు ఆయన కయ్య చేరడానికి గంటన్నర. ఆ గంటన్నరా ఆయన ఖాతాలోనే పోతుంది.

అందుకని ముందు కాలువ నిండే కాలం తీసి పక్కన పెట్టాలి. అన్ని వంతులకూ కలిపి 5 గంటలు అనుకుందాం. తూము కట్టేశాక కాలువలో మిగిలిన నీళ్లు చివరాయనకే పారతాయి, అదొక గంట. 168లో 5 తీసి, 1 కలిపితే 164. ఎకరాకు 4 గంటలు. చివర్లో 3 ఎకరాలున్నాయనకు 12 గంటలు, నిండే గంటన్నర కలిపి, మిగులు గంట తీసేస్తే పన్నెండున్నర. ఆయనకు దయతో ఇచ్చిందేమీ లేదు చూడండి, రావలసింది వచ్చింది. ఇసుక నేలలో ఇంకిపోయే నీళ్లు మాత్రం ఈ లెక్కకు అందవు, దానికి కాలువకు లైనింగే మందు.

సమానులకు సమానంగా, తేడా ఉన్నచోట తేడాకు తగ్గట్టు అన్నాడు అరిస్టాటిల్. మన రాజ్యాంగం 14వ అధికరణంలోనూ రెండు మాటలున్నాయి: చట్టం ముందు సమానత్వం, చట్టాల సమాన రక్షణ. నా మటుకు మొదటిది గడియారం, రెండోది మడి.

చిక్కల్లా ఏ తేడాను లెక్కలోకి తీసుకోవాలన్న దగ్గరే. పలుకుబడి కూడా తేడాయే అనేవాళ్లుంటారు. అందుకే నిండే కాలాన్ని రైతులందరి ఎదుటా గడియారం పెట్టి కొలవాలి.

ఇంకొక్క మాట. వారం తిరిగితే వంతు మళ్లీ అదే వేళకు వస్తుంది, రాత్రి పడినాయనకు ఎప్పుడూ రాత్రే. ఏడాదికోసారి పట్టికను 12 గంటలు జరపండి.