బుంగలు పూడ్చినవాడి మాట

హెడ్‌మాస్టరు గారికి, సర్పంచి గారికి, టీచరమ్మలకు, ఎండనపడి వచ్చిన తల్లిదండ్రులకు, నా మాట కంటే సమోసాల కోసం ఎక్కువగా ఎదురుచూస్తున్న పిల్లలకు నమస్కారం. పెద్దలు ఇంకా ఉన్నారు గానీ పేరుపేరునా చెబుతూ పోతే బెల్లు కొట్టేస్తారు.

ఈరోజు మార్చి 20, పిచ్చుకల దినం. పిచ్చుక గురించి మాట్లాడమని పిలిచారు. మీరు అట్టపెట్టెలతో చేసిన గూళ్లు వరండాలో చూశాను, ముచ్చటగా ఉన్నాయి. చూరు సందో, ఫోటో వెనకో, మనం ఏదిచ్చినా సర్దుకుపోయే పిట్ట పిచ్చుక. దాని తరఫున మాట్లాడేవాళ్లు ఇప్పుడు ఊరికి పదిమంది ఉన్నారు. ఎవరూ మాట్లాడని పిట్ట ఒకటుంది. హెడ్‌మాస్టరు గారు ఏమీ అనుకోవద్దు, నేను దాని గురించే చెబుతాను.

పసరిక. ఇందాక మీ గేటు ముందు కరెంటు తీగ మీద రెండు కూర్చోనున్నాయి, ఎవరైనా చూశారా? ఆకుపచ్చ ఒళ్లు, కంటి మీదుగా కాటుక గీత, తోక మధ్యన సూదుల్లా రెండు ఈకలు. తీగ మీంచి ఒక్క దూకు దూకి తూనీగనో తేనెటీగనో పట్టుకొని మళ్లీ అక్కడికే వస్తుంది. తేనెటీగనయితే వెంటనే మింగదు. తీగకేసి బాది, రుద్ది, కొండి పోగొట్టి అప్పుడు తింటుంది. 1840ల్లో మన నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేస్తూ పిట్టల గురించి పుస్తకాలు రాసిన జెర్డన్ దొర దీని తెలుగు పేరు కూడా అడిగి రాసుకున్నాడు. మనవాళ్లు సూళ్లూరుపేట పోయి గూడబాతులకూ రాజహంసలకూ ఫోటోలు తీస్తారు. ఆ ప్రాంతం 2022లో తిరుపతి జిల్లాలో కలిసిపోయింది కదా, మనకు మిగిలింది పసరికే. కాస్త దీన్నీ చూడండయ్యా!

ఇది చెట్టు మీద గూడు కట్టదు. నేలలో బొరియ తవ్వుతుంది. ఇసుక కలిసిన మట్టిగట్టు నిలువుగా తెగి ఉంటే దానికి ఇష్టం. జెర్రిపోతు, ముంగిస తేలిగ్గా ఎక్కలేవు కదా. అలాంటిది దొరక్కపోతే చదును నేలలోనే ఏటవాలుగా తవ్వుకుంటుంది. ఆడా మగా ఇద్దరూ ముక్కుతో పొడిచి, కాళ్లతో మట్టి వెనక్కి తన్నుతారు. అంత చిన్న పిట్ట అయిదడుగుల దాకా కూడా పోతుంది! చివర్న చిన్న గది. గడ్డీ లేదు, ఈకా లేదు, వట్టి నేల మీద మూడు నుంచి అయిదు తెల్లటి గుండ్రటి గుడ్లు. చీకట్లో పెట్టే గుడ్డుకు మచ్చలూ రంగులూ ఎందుకు? లకుముకి గుడ్లూ తెలుపే, అదీ గట్టులోనే తవ్వుతుంది. పాత మట్టి బావుల గోడల్లో దాని బొరియలు మీ తాతలకు తెలుసు.

ఇక నా సంగతి. నేను కాలవల మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాను. గట్టుకు బుంగ పడితే ఏమవుతుందో ఇక్కడి రైతులకు నేను చెప్పాలా? పొద్దున వేలు పట్టే కన్నం, రాత్రికి గండి, తెల్లారేసరికి కయ్యలన్నీ నీళ్ల కింద. ఎలక తవ్వనీ, ఎండ్రకాయ తవ్వనీ, కన్నం కనబడితే మట్టి కూరి తొక్కించడమే నా ఉద్యోగం. అందులో తప్పు లేదు.

ఒక ఏడు ఏప్రిల్లో కాలవకు నీళ్లు ఆపేశాక రిపేర్లు మొదలుపెట్టాం. నీళ్ల గట్టుకు దూరంగా, ఎప్పుడో మట్టి తీసిన గుంట ఒకటుంది. దాని నిలువు గోడలో పదకొండు కన్నాలు. అక్కడ నీళ్లు నిలవవు, గండి భయం లేదు. అయినా అలవాటు ఊరుకోదు కదా! జేసీబీ అబ్బాయి, "సార్, ఇది కూడా చెక్కేయమంటారా?" అన్నాడు. చెక్కేయమన్నాను. అరగంట కూడా పట్టలేదు.

మర్నాడు టీ తాగుతూ చూస్తే తీగ మీద వరసగా పసరికలు. ప్రతిదాని నోట్లోనూ ఒక తూనీగో సీతాకోకచిలకో. తినడం లేదు. ఎగిరి ఆ గోడ దగ్గరికి పోతాయి, మట్టికి ఆనుకొని రెక్కలు కొట్టుకుంటాయి, మళ్లీ తీగ మీదికి వస్తాయి. అప్పుడు అర్థమైంది నాకు, లోపల పిల్లలున్నాయని. గునపం తెప్పించాను. ఏ కన్నం ఎక్కడుందో ఇక గుర్తుపట్టలేం. భుజం దాకా చెయ్యి పెట్టి తవ్వాను. కూలోళ్లు నవ్వారు. సాయంత్రం దాకా ఆ పిట్టలు నోట్లో పురుగులతో అట్నే తిరిగాయి. మూడోరోజు రాలేదు.

అమ్మా, ఇది ఇంట్లో కూడా ఎప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, మీ స్కూలు వెనక గ్రావెల్ గుంట ఉంది చూడండి. పొద్దున పోయి చూసొచ్చాను. తూర్పు గోడలో ఏడు కన్నాలు, నాలుగింటి కింద తాజా మట్టి రాలి ఉంది. ఆ గుంట పూడ్చి వాలీబాల్ కోర్టు వేస్తారని విన్నాను. వేయండి, వద్దనను, పిల్లలకు కోర్టు కావాల్సిందే. జూన్ దాటాక మొదలుపెట్టండి సర్పంచి గారూ, అంతే అడిగేది. వచ్చే ఏటికి ఆ ఒక్క గోడ వదిలేస్తే మరీ మంచిది, కోర్టుకు అది అడ్డం రాదు, అడుగులతో కొలిచాను.

పిల్లలూ, మీరు చూడటానికి పోతే కన్నానికి ఎదురుగా నిలబడొద్దు. పుణె శాస్త్రవేత్తలు 2002లో రాశారు, మనిషికి బొరియ కనబడుతోందని అనిపిస్తే పసరిక లోపలికి పోవడానికి వెనకాడుతుందట. మనం ఎక్కణ్ణుంచి ఏం చూస్తున్నామో లెక్కేస్తుందన్నమాట. మీరు అక్కడే నిలబడితే పిల్లలు ఆకలితో ఉంటాయి. పక్కన ఆ వేపచెట్టు చాటున కూర్చుంటే సరి. ఆదివారం ఆరున్నరకి నేను అక్కడే ఉంటాను.

సర్పంచి గారు తల ఊపారు. మైకులో చెబితే బాగుంటుంది సార్, ఇటు రండి.