ఎంపీ3 కోడ్ ఉచితమే, మరి తాళం ఎవరి దగ్గరుంది?

[తెర మీద: శబ్దం రికార్డ్ చేసి ఎడిట్ చేసుకునే ఆడాసిటీ ప్రోగ్రామ్‌లో ఒక రికార్డింగ్. ఎక్స్‌పోర్ట్ నొక్కగానే చిన్న బాక్స్ వస్తుంది.]

ఈ బాక్స్ గుర్తుందా? పదేళ్ల కిందట పాటో, పాఠమో రికార్డ్ చేసి ఎంపీ3గా సేవ్ చేయబోతే ఆడాసిటీ అక్కడే ఆగిపోయేది. "లేమ్" అనే, ఎంపీ3గా మార్చే ఇంకో ఫైల్ ఎక్కడుందో చూపించమనేది. మనం వేరే సైట్‌కి వెళ్లి దాన్ని డౌన్‌లోడ్ చేసి, ఏ ఫోల్డర్‌లో పడిందో వెతుక్కుని, తీసుకొచ్చి చూపించాలి. ఆడాసిటీ ఉచితం. లేమ్ కూడా ఉచితం. మరి రెండూ కలిపి ఒకేసారి ఎందుకివ్వలేదు?

ముందు ఎంపీ3 చేసే పని చూద్దాం. సీడీ నాణ్యతలో ఒక నిమిషం పాట సుమారు 10 ఎంబీ ఉంటుంది. 128 కేబీపీఎస్ ఎంపీ3లో అదే నిమిషం ఒక ఎంబీకి దిగుతుంది. డప్పు మోగే క్షణంలో పక్కవాళ్ల గుసగుస మనకు వినపడదు కదా, అలా చెవికి అందని శబ్దాలను వదిలేయడమే కిటుకు. దీని వెనక జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ఫ్రౌన్‌హోఫర్ సంస్థ ఏళ్లపాటు చేసిన పరిశోధన ఉంది. ఆ పద్ధతి మీద వాళ్లకు పేటెంట్లు ఉండేవి.

[తెర మీద: ఒక తలుపు, దానికి రెండు తాళాలు. ఒకదాని మీద "కాపీరైట్", రెండోదాని మీద "పేటెంట్".]

అసలు చిక్కంతా ఇక్కడే. ఒక మగ్గం మీరే సొంతంగా తయారు చేసుకున్నారనుకోండి. చెక్క మీది, కష్టం మీది. కానీ దాని మీద నేసే పద్ధతికి ఇంకొకరి పేటెంట్ ఉంటే, నేసేముందు వాళ్ల అనుమతి కావాలి. కోడ్ కూడా అంతే. రాత మీద కాపీరైట్ రాసినవాళ్లది, పద్ధతి మీద పేటెంట్ కనిపెట్టినవాళ్లది. అందరూ చదివి వాడుకునేలా కోడ్ ఇచ్చే ఓపెన్ సోర్స్ లైసెన్స్‌తో రాసినవాళ్లు తమ తాళం తీయగలరు. ఎదుటివాళ్ల తాళం తీయలేరు.

1998 సెప్టెంబర్‌లో ఉచిత ఎంపీ3 ఎన్‌కోడర్లు (పాటను ఎంపీ3గా మార్చే ప్రోగ్రామ్‌లు) రాసేవాళ్లకు ఫ్రౌన్‌హోఫర్ నుంచి ఉత్తరాలు వెళ్లాయి: మా పేటెంట్లకు లైసెన్స్ తీసుకోవాలి అని. అదే ఏడాది మైక్ చెంగ్ లేమ్ మొదలుపెట్టాడు. మొదట్లో అది పూర్తి ప్రోగ్రామ్ కాదు. ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ ఇచ్చిన నమూనా కోడ్‌కు అతికించే ప్యాచ్ మాత్రమే. అందుకే దాని పేరులోనే "లేమ్ ఎంపీ3 ఎన్‌కోడర్ కాదు" అని పెట్టుకున్నారు. తర్వాత మార్క్ టేలర్ పగ్గాలు తీసుకున్నాడు. 2000లో ఐఎస్ఓ కోడ్ చివరి ముక్క కూడా పోయి, మొత్తం సొంత కోడే మిగిలింది. లైసెన్స్ ఎల్‌జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్. రాత మీది తాళం పూర్తిగా తెరుచుకుంది. పేటెంట్ తాళం మాత్రం అలాగే ఉంది. దాంతో లేమ్ ప్రాజెక్ట్ ప్రోగ్రామర్లు చదివే సోర్స్ కోడ్ మాత్రమే ఇచ్చేది, ఇన్‌స్టాల్ చేసుకునే ఫైల్ ఇచ్చేది కాదు. ఆడాసిటీ మనల్ని బయటికి పంపింది అందుకే.

ఎల్‌జీపీఎల్ అంటే "ఏమైనా చేసుకో" అని కాదు. మీ యాప్ కోడ్ దాచుకుని కూడా లేమ్‌ను వాడుకోవచ్చు. కానీ లేమ్ వాడామని చెప్పాలి, దాని సోర్స్ అందుబాటులో పెట్టాలి, లేమ్‌లో మీరు చేసిన మార్పులు కూడా ఇవ్వాలి. 2005లో సోనీ బీఎంజీ సీడీల్లోని కాపీ నిరోధక సాఫ్ట్‌వేర్‌ను విప్పి చూసిన ప్రోగ్రామర్లకు అందులో లేమ్ కోడ్ ముక్కలు కనిపించాయి. డబ్బు అడగకుండా కోడ్ ఇచ్చినవాళ్లు కోరేది ఆ కాస్త మర్యాదే. అది కూడా దక్కకపోతే బాధగా ఉంటుంది.

[తెర మీద: ఆగ్ వోర్బిస్ చేప గుర్తు.]

ఆ 1998 ఉత్తరాలు చూసి క్రిస్ మాంట్‌గొమరీ అనే ప్రోగ్రామర్ ఇంకో దారి పట్టాడు. పేటెంట్ల జోలికే పోని ఫార్మాట్ చేయాలని వోర్బిస్ మీద కూర్చున్నాడు. 2002 జూలైలో 1.0 వచ్చింది. దానికి ముందే, 2001లో, లైబ్రరీ లైసెన్స్‌ను ఎల్‌జీపీఎల్ నుంచి బీఎస్‌డీకి మార్చారు. బీఎస్‌డీలో షరతులు చాలా తక్కువ. పేరు, లైసెన్స్ పాఠం ఉంచితే చాలు, కోడ్ తిరిగివ్వనక్కర్లేదు. జేబులో పెట్టుకునే ప్లేయర్ల కంపెనీలు కూడా టెన్షన్ లేకుండా వాడుకోవాలన్నది ఆలోచన. ఎల్‌జీపీఎల్ కంటే కఠినమైన జీపీఎల్ లైసెన్స్ రాసిన రిచర్డ్ స్టాల్‌మనే దీన్ని సమర్థించాడు. నా దృష్టిలోనూ అది సరైన నిర్ణయమే, ఎందుకంటే ఎవరూ వాడని ఫార్మాట్ ఎంత స్వేచ్ఛగా ఉన్నా పాట వినేవాడికి ఉపయోగం లేదు.

ఎంపీ3 విషయానికొస్తే, 2017 ఏప్రిల్‌లో పేటెంట్ల గడువు తీరి లైసెన్స్ వసూళ్లు ఆగిపోయాయి. 2019లో ఆడాసిటీ 2.3.2 లేమ్‌ను తనలోనే కలుపుకుని వచ్చింది. ఆ బాక్స్ కథ అలా ముగిసింది.

అయితే రెండు తాళాల సంగతి ఇప్పటికీ అవసరమే. ఆండ్రాయిడ్ కోసం ఫ్రౌన్‌హోఫర్ ఇచ్చిన ఏఏసీ (ఎంపీ3 లాంటి ఇంకో ఆడియో ఫార్మాట్) కోడ్ తీసుకోండి. సోర్స్ మొత్తం కళ్ల ముందే ఉంటుంది. కానీ లైసెన్స్ ఫైల్ చదివితే, పేటెంట్ హక్కులేవీ ఇవ్వడం లేదని అందులోనే స్పష్టంగా రాసి ఉంటుంది. యాప్ చేసేవాళ్లు ఆ ఫైల్ చివరిదాకా చదవండి. "సోర్స్ దొరికింది కదా" అని ఆగిపోవద్దు.

రెండు తాళాలూ మొదటి రోజు నుంచే తీసిపెట్టిన కోడెక్ (శబ్దాన్ని కుదించి, తిరిగి విప్పే పద్ధతి) ఒకటుంది. 2012 సెప్టెంబర్‌లో ప్రమాణంగా వచ్చిన ఓపస్. కోడ్ బీఎస్‌డీ. దాన్ని తయారు చేయడంలో కలిసిన సంస్థలు తమ పేటెంట్లను కూడా రాయల్టీ లేకుండా ఇచ్చాయి.

[తెర మీద: ఆండ్రాయిడ్ ఫోన్, ఫైల్ మేనేజర్, వాట్సాప్ వాయిస్ నోట్స్ ఫోల్డర్.]

మీ ఫోన్‌లో ఈ ఫోల్డర్ తెరవండి. దుబాయ్‌లో ఉన్న అన్నయ్య పంపిన మాటలు, అమ్మ పంపిన మాటలు అన్నీ ఇక్కడే ఉంటాయి. ఒక్కో ఫైల్ పేరు చివర చుక్క పెట్టి ఏముందో చూడండి: ఓపస్.